కీళ్లవాతపు మందులు, పన్ను తీయించుకోవడం: నూరేళ్ళలో వైద్యులు నేర్చుకొన్న పాఠాలు

నేను వృత్తిలో ఉన్న రోజులలో, ఒక మధ్యాహ్నం, ఒక ఉపాధ్యాయురాలిని ఇద్దరు పట్టుకొని నా వద్దకు తీసుకొని వచ్చారు. ఆమెకు అప్పటికి ఆరేళ్ళుగా కీళ్లవాతం. వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పిలిచే వ్యాధి అది. వారానికి ఒకసారి మిథోట్రెక్సేటు, ప్రతి ఉదయం ప్రెడ్నిసొలోన్ వేసుకొంటూ, ఆమె రోజూ బడికి వెళ్ళి పాఠాలు చెప్పుకొంటున్నారు. క్రింది దవడపన్ను ఒకటి పుచ్చి బాధపెడుతుంటే తీయించుకోవాలనుకొన్నారు. ఈ మందులు వాడుతూ పన్ను తీయిస్తే పుండు మానదని, ముందుగా అన్నిటినీ ఆపివేయాలని తెలిసినవారెవరో ఆమెకు చెప్పారు. ఆమె నమ్మి, అన్ని మాత్రలూ ఒకేసారి మానివేశారు.

పదిరోజులు గడిచేసరికి కీళ్ళు మళ్ళీ వాచాయి. వాంతులు మొదలయ్యాయి. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి. నేను చూసేటప్పటికి రక్తపీడనం బాగా పడిపోయి ఉంది, దవడ క్రింద వాపు కూడ కనిపించింది. పన్ను మాత్రం ఇంకా నోటిలోనే ఉంది! ఆమె ప్రాణం మీదికి తెచ్చినది పన్ను తీయడం కాదు, మందు మానడం.

రోగనిరోధకశక్తిని తగ్గించే మందులు నేడు మన చుట్టూ ఎందరో వాడుతున్నారు. కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్, ప్రేవుల వ్యాధులు ఉన్నవారు, మూత్రపిండమో కాలేయమో మార్పిడి చేయించుకొన్నవారు వీరిలో ఉంటారు. వీరందరికీ ఎప్పుడో ఒకప్పుడు పంటినొప్పి రాక తప్పదు. అప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పవచ్చు. కాని ఆ సమాధానం ఎలా వచ్చిందో తెలిస్తే మీకు దాని మీద నమ్మకం కుదురుతుంది. అందుకే ఈ కథ చెబుతున్నాను.

పళ్ళను దోషులుగా నిలబెట్టిన కాలం

పందొమ్మిదవ శతాబ్దపు తొలి సగంలో పన్ను పెరికించుకోవడమంటే, నలుగురు రోగిని అదిమి పట్టుకొంటే ఒకరు పట్టకారుతో లాగడమే. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువును పీల్చి తన పన్నునే తీయించుకొన్నాడు. రెండేళ్ళ తరువాత, 1846లో, బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే మరొక దంతవైద్యుడు ఈథరుతో నొప్పి తెలియకుండా పన్ను తీశాడు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు చీము పట్టకుండ కాపాడవచ్చునని ప్రకటించాడు. 1884లో కార్ల్ కోలర్ కొకెయిన్‌తో కంటిని మొద్దుబార్చవచ్చునని చూపగా, త్వరలోనే దవడ నరాన్ని కూడ అదే విధంగా మొద్దుబార్చడం మొదలైంది. ఈ విధంగా పన్ను తీయడం సులువైంది. సులువైన పని అవసరాన్ని మించి జరగడం వైద్యచరిత్రలో కొత్త కాదు.

1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రసంగం చేశాడు. శరీరంలోని ఎన్నో అంతుపట్టని వ్యాధులకు నోటిలోని చీము కారణమని ఆయన వాదించాడు. షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్, మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ రోసెనో ఆ వాదాన్ని ముందుకు తీసుకొని వెళ్ళారు. పంటి మూలంలోనో గొంతులోని టాన్సిల్స్‌లోనో సూక్ష్మజీవులు స్థావరం ఏర్పరచుకొని, అక్కడినుండి రక్తం ద్వారా కీళ్ళకు చేరుతాయన్నది వారి సిద్ధాంతం.

దాని ఫలితాన్ని అనుభవించినవారు కీళ్లవాత రోగులు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్లు, కీళ్ళు నొప్పి పెడుతున్నాయని వేలాదిమంది పళ్ళు పీకివేశారు. పుచ్చిన పళ్ళతో పాటు మంచి పళ్ళు కూడ పోయాయి. న్యూజెర్సీలోని ఒక మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు మతిచలించినవారికి కూడ ఇదే చికిత్స చేశాడు. ఎందరో నోటినిండా కట్టుడుపళ్ళతో, ఏ మార్పూ లేని కీళ్ళతో మిగిలిపోయారు.

ఈ సిద్ధాంతాన్ని మొదట నమ్మినవారిలో రస్సెల్ సెసిల్ ఒకడు. వైద్యవిద్యార్థులందరూ చదివే సెసిల్ వైద్యగ్రంథం ఈయన పేరుతో ఉన్నదే. ఆయన 1938లో డి. ముర్రే ఆంజెవైన్‌తో కలిసి 200 మంది కీళ్లవాత రోగుల వివరాలను పరిశీలించి, పళ్ళు, టాన్సిల్స్ తీయించుకొన్నవారిలో అత్యధికులకు మేలు జరుగలేదని ప్రకటించాడు. తాను నమ్మినదానిని తానే పరీక్షకు పెట్టి, తప్పని తేలితే ఒప్పుకోవడం గొప్ప గుణం. ఆ తరువాత మూకుమ్మడిగా పళ్ళు పీకే ఆచారం క్రమంగా తగ్గింది.

1948: రెండు ప్రయోగశాలలు, రెండు మందులు

పళ్ళు దోషులు కావని తేలినా, కీళ్లవాతానికి మందు మాత్రం ఇంకా దొరకలేదు. అది 1948లో దొరికింది. రోసెనో పనిచేసిన మేయో క్లినిక్‌లోనే, ఆ సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీన, ఫిలిప్ హెంచ్ 29 సంవత్సరాల కీళ్లవాత రోగికి కార్టిసోన్ సూదిమందు మొదలుపెట్టాడు. మంచం మీద కదలలేని ఆమె కొద్దిరోజులలోనే లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, ఎడ్వర్డ్ కెండాల్‌కు, టాడియస్ రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి లభించింది. మనం నేడు వాడే ప్రెడ్నిసొలోన్ ఆ వంశానికి చెందినదే.

రెండవ మందు వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో పరిశోధనలు చేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తరువాత ఆ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే రసాయనాలను కూడ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తపు క్యాన్సరుతో ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువే మిథోట్రెక్సేటు. సుబ్బారావు ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్ కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడ పనిచేస్తుందని గమనించాడు. అయినా కార్టిసోన్ వెలుగులో ఆ మాట ఎవరికీ వినిపించలేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్లవాతానికి మిథోట్రెక్సేటును అనుమతించినది 1988లో.

నేడు కీళ్లవాత రోగి వారంలో ఒకనాడు మిథోట్రెక్సేటు, మరొకనాడు ఫోలిక్ ఆమ్లం వేసుకొంటారు. మొదటిది రోగాన్ని అణచుతుంది, రెండవది మొదటిదాని దుష్ఫలితాలను, ముఖ్యంగా నోటిపూతను తగ్గిస్తుంది. ఈ రెండు మాత్రలూ సుబ్బారావు ప్రయోగశాల నుండి వచ్చినవే.

నిద్రపోయిన గ్రంథులు

కార్టిసోన్ తెచ్చిన ఆనందం ఎక్కువకాలం నిలువలేదు. 1952లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక విషాద వృత్తాంతం వెలువడింది. కొన్ని నెలలుగా కార్టిసోన్ వాడుతున్న 34 సంవత్సరాల కీళ్లవాత రోగి తుంటికీలు శస్త్రచికిత్స తరువాత రక్తపీడనం పడిపోయి మరణించాడు. శవపరీక్షలో అతని ఎడ్రినల్ గ్రంథులు కృశించి కనిపించాయి.

మూత్రపిండాల పైన టోపీల వలె ఉండే ఈ చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. జ్వరం, గాయం, శస్త్రచికిత్స వంటి కష్టాలు వచ్చినపుడు మరింత తయారుచేస్తాయి. నెలల తరబడి అదే హార్మోనును బయటినుండి మాత్రల రూపంలో ఇస్తే, తమ అవసరం లేదని ఇవి పని మానుకొంటాయి. ఆపైన ఒకనాడు హఠాత్తుగా మాత్ర ఆపితే, శరీరానికి లోపలినుండీ రాదు, బయటినుండీ రాదు. మన ఉపాధ్యాయురాలికి జరిగినది ఇదే.

ఆ మరణం తరువాత వైద్యులు మరో అంచుకు పోయారు. చిన్న పన్ను తీసినా, స్టీరాయిడ్లు వాడేవారికి పెద్ద మోతాదులో అదనంగా ఇచ్చే అలవాటు కొన్ని దశాబ్దాలు సాగింది. తరువాతి పరిశీలనలు దానిని సరిదిద్దాయి. చోటును మాత్రమే మొద్దుబార్చి ఒక పన్ను తీసేటపుడు, రోజూ స్టీరాయిడ్ వాడేవారిలో చాలామందికి ఆ ఉదయం వేసుకోవలసిన మామూలు మోతాదు తప్పక వేసుకొంటే సరిపోతుంది. ఎడిసన్ వ్యాధి వలన ఎడ్రినల్ గ్రంథులే చెడిపోయినవారికి, మత్తు ఇచ్చి పెద్ద శస్త్రచికిత్స చేసేటపుడు, చీము పట్టి జ్వరం ఉన్నపుడు అదనపు మోతాదు అవసరం కావచ్చు. దానిని వైద్యులే నిర్ణయించాలి.

అవయవాలు మార్చిన తరువాత

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే ఒక కవల సోదరుని మూత్రపిండాన్ని మరొక కవలకు అమర్చాడు. వారు ఒకే పోలిక గల కవలలు కనుక శరీరం దానిని తిరస్కరించలేదు. ఇతరులకు అమర్చాలంటే రోగనిరోధకశక్తిని అణచవలసి వచ్చింది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసిన అజథయోప్రిన్ 1962లో ఆ దారి తెరిచింది. మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1971లో మూత్రపిండమార్పిడి విజయవంతమైంది. నార్వే దేశపు మట్టిలోని శిలీంధ్రం నుండి సైక్లోస్పోరిన్, జపాన్ దేశపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి టాక్రోలిమస్ లభించాక ఈ చికిత్సలు ప్రపంచమంతా వ్యాపించాయి.

ఇక్కడ దంతాలు మళ్ళీ కథలోకి వచ్చాయి. సైక్లోస్పోరిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళను కప్పివేస్తాయి. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మామూలువారిలో నెలల తరబడి ఊరక పడివుండే పంటి చీము, రోగనిరోధకశక్తి తగ్గినవారిలో విజృంభించవచ్చు. అందువలన అవయవమార్పిడికి ముందే నోటిని పరీక్షించి, బాగుచేయ వీలులేని పళ్ళను తీసివేయడం చాలాచోట్ల నియమమైంది. మార్పిడి జరిగిన మొదటి కొద్ది నెలలలో మందుల మోతాదు ఎక్కువగా ఉంటుంది కనుక, అత్యవసరం కాని దంతచికిత్సలను ఆ కాలంలో వాయిదా వేస్తారు.

ఒకనాడు కీళ్ళ కోసం మంచి పళ్ళను పీకారు. తరువాత మందుల భయంతో చెడిన పళ్ళను కూడ తీయించుకోకుండ వదిలివేయడం మొదలైంది. రెండూ తప్పే. 1836లో జర్మనీ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ వాన్ లుడ్‌విగ్ ఒక భయంకరమైన వ్యాధిని వర్ణించాడు. క్రింది దవడపంటి చీము నాలుక క్రిందికి, మెడలోకి పాకి, నాలుకను పైకి నెట్టి ఊపిరి ఆడకుండ చేస్తుంది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో ఆ వ్యాధి సోకినవారిలో చాలామంది మరణించేవారు. రోగనిరోధకశక్తి తగ్గినవారికి పుచ్చిన పన్ను తీయించుకోవడం కంటె, తీయించుకోకుండ ఉంచుకోవడమే ఎక్కువ ప్రమాదకరం.

మందు ఆపాలా? 2001లో వచ్చిన సమాధానం

మరి మందులు వాడుతూ ఉంటే గాయం మానుతుందా? ఇంగ్లండులో కీళ్ళ శస్త్రచికిత్సలకు వచ్చిన 388 మంది కీళ్లవాత రోగులను గ్రెన్నన్, ఆయన సహచరులు పరిశీలించి 2001లో ఫలితాలు ప్రకటించారు. మిథోట్రెక్సేటు వాడుతున్నవారిలో కొందరు మానకుండ వాడారు. కొందరు శస్త్రచికిత్సకు రెండువారాల ముందునుండి రెండువారాల తరువాతి వరకు ఆపారు. మానకుండ వాడినవారిలో సూక్ష్మజీవుల దాడి వంటి ఉపద్రవాలు 2 శాతం మందికి, ఆపినవారిలో 15 శాతం మందికి కలిగాయి. వ్యాధి తిరగబెట్టడం కూడ ఆపినవారిలోనే ఎక్కువ.

ఎముకను కోసే శస్త్రచికిత్సకే మిథోట్రెక్సేటు ఆపనక్కరలేనపుడు, ఒక పన్ను తీయడానికి సాధారణంగా ఆపవలసిన పని లేదు. అయితే ఈ మాటను అన్ని మందులకూ వర్తింపజేయకండి. కొన్ని వారాలకొకసారి సూదిమందుగా ఇచ్చే జీవజనిత ఔషధాలు వాడేవారికి, వీలైతే రెండు మోతాదుల నడుమ వ్యవధి చివరలో పన్ను తీసి, గాయం మానాక తరువాతి మోతాదు ఇవ్వడాన్ని నిపుణులు ఆలోచిస్తారు. క్యాన్సరు చికిత్సలో ఉన్నవారికి తెల్లకణాలు, రక్తఫలకాల లెక్క చూసి సమయం ఎన్నుకొంటారు. మార్పిడి చేసిన అవయవాన్ని కాపాడే మందులను స్వంత నిర్ణయంతో ఒక్కపూట కూడ మానకూడదు.

దవడ ఎముక, భాస్వరం

స్టీరాయిడ్లు ఎముకలను గుల్లబారుస్తాయి. అందువలన వాటిని వాడేవారికి ఎముకలు గట్టిపడడానికి అలెండ్రొనేట్, జోలెడ్రొనేట్ వంటి బిస్‌ఫాస్ఫొనేట్లను తరచు ఇస్తారు. వీటికి కూడ ఒక పాత కథ ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో తెల్ల భాస్వరంతో అగ్గిపుల్లలు చేసే కార్మికుల దవడ ఎముకలు కుళ్ళిపోయేవి. 1845లో వియన్నా వైద్యుడు లోరిన్సర్ ఈ వ్యాధిని వర్ణించాడు. పుచ్చిన పళ్ళున్నవారికి ఇది ఎక్కువగా వచ్చేది. 1906లో బెర్న్ నగరంలో కుదిరిన ఒడంబడికతో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లల నిషేధం మొదలై, ఆ వ్యాధి మరుగున పడింది.

దాదాపు నూరేళ్ళ తరువాత, 2003లో, అమెరికా దంతశస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ 36 మందిలో అటువంటి దవడ వ్యాధినే చూసి లోకానికి తెలియజేశాడు. వారు బిస్‌ఫాస్ఫొనేట్లు తీసుకొంటున్నవారు. భయపడకండి, ఈ ముప్పు ముఖ్యంగా క్యాన్సరుకు సిర ద్వారా పెద్ద మోతాదులు పొందేవారిలో కనిపిస్తుంది. ఎముకల బలానికి మాత్రలు వాడేవారిలో చాల అరుదు. అయితే పన్ను తీసే వైద్యునికి ఆ విషయం ముందే తెలియాలి. సంవత్సరానికొకసారి, ఆరునెలలకొకసారి తీసుకొనే సూదిమందులను రోగులు మందులుగా లెక్కించరు. చెప్పడం మరచిపోయేది వాటినే.

మీరు చేయవలసినవి

మీ మందులన్నిటి పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద వ్రాసి దంతవైద్యునికి చూపండి. సూదిమందులు, రక్తం పలుచబరచే మందులు కూడ అందులో ఉండాలి. మీ మందులు వ్రాసిన వైద్యునితో దంతవైద్యుని మాట్లాడమని కోరండి. అవసరమైతే రక్తకణాల లెక్క, రక్తంలో చక్కెర పరీక్షించుకోండి.

ఉదయం పూట సమయం తీసుకోండి. ఆహారం, ఆనాటి స్టీరాయిడ్ మాత్ర మానకండి. పెక్కు పళ్ళు తీయవలసి ఉంటే విడతలుగా తీయించుకోవడం మేలు.

యాంటీబయాటిక్ అందరికీ అవసరం లేదు. చీము ఉన్నదా, తెల్లకణాలు తగ్గాయా అన్నదానిని బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. ఇంట్లో మిగిలిన బిళ్ళలు వేసుకోకండి. మిథోట్రెక్సేటుతో కోట్రైమోక్సజోల్ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ రక్తంలో సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ప్రమాణాలను పెంచుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమందులు ఈ మందులతో కలిసి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. కాలేయవ్యాధి లేనివారికి తగిన మోతాదులో పారాసిటమాల్ సాధారణంగా క్షేమకరం.

పన్ను తీశాక గాజుగుడ్డను అరగంటసేపు కొరికి పట్టి ఉంచండి. ఒకరోజు పుక్కిలించవద్దు. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించండి. చుట్ట, సిగరెట్టు, గుట్కా దరిచేరనీయకండి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట: స్టీరాయిడ్లు జ్వరాన్ని, వాపును, ఎరుపును కప్పిపుచ్చుతాయి. లోపల చీమున్నా పైకి ప్రశాంతంగా కనిపించవచ్చు. కనుక మూడురోజుల తరువాత నొప్పి తగ్గక పెరుగుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, కొద్దిపాటి జ్వరం వచ్చినా వైద్యుని చూడండి. మ్రింగడం కష్టమైతే, నాలుక క్రింద గాని మెడ మీద గాని వాపు వస్తే, ఊపిరి ఇబ్బంది అనిపిస్తే తెల్లవారే వరకు ఆగకుండ ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక మన ఉపాధ్యాయురాలి సంగతి. సిర ద్వారా హైడ్రోకార్టిసోన్, సెలైన్, యాంటీబయాటిక్స్ ఇచ్చాక రెండురోజులలో ఆమె కోలుకొన్నారు. ఆమె మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాము. దంతవైద్యుడు చోటు మొద్దుబార్చి పావుగంటలో పన్ను తీశాడు. గాయం మానడానికి మామూలు కంటె కొద్దిరోజులు ఎక్కువ పట్టింది, అంతే. తరువాత ప్రతిసారీ ఆమె చేతిసంచిలో మందుల పేర్లు వ్రాసిన చిన్న కాగితం ఒకటి కనిపించేది. మీ సంచిలోనూ అటువంటిది ఒకటి ఉంచుకోండి.